ఇరవై మూడేళ్లకు చాళీసు

నా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే కదులుతున్నాయని మొదట గమనించింది మా జేజి. జేజి అంటే మా నాయన తల్లి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం గవాచి కింద కూర్చునేవాళ్లం. మిద్దెకప్పుకు పెట్టిన ఆ కంతలోంచి వెలుతురు నేల మీద చాప పరిచినట్టు పడుతుంది. ఆ వెలుతురులో ఆమె పాత చీరలతో బొంత కుట్టేది, నేను పుస్తకం చదివి వినిపించేదాన్ని. ఆ రోజు చదువు మధ్యలో ఆపించి, "ఏమే, దూది ల్యాకుండానే వత్తులు చేస్తాండావు?" అంది.

చూసుకున్నాను. పుస్తకం ఎడమచేతిలో ఉంది. కుడిచేయి ఒళ్లో ఉంది. రెండు వేళ్లూ నిజంగానే కనపడని దూదిని నలుపుతున్నాయి. ఆపాలనుకుంటే ఆగాయి. మళ్లీ కథలో పడగానే వాటి పని అవి మొదలుపెట్టాయి. జేజి నవ్వింది, నేనూ నవ్వాను. కార్తీకమాసానికి ఇప్పటినుంచే సిద్ధం చేస్తున్నానని ఆమె అంటే అందరికీ అదే మాట అలవాటైంది. కొన్నాళ్లపాటు మా ఇంట్లో నా వణుకు పేరు వత్తులు.

నేను ఎక్కువగా మాట్లాడే మనిషిని కాదు. ఇంటికి బంధువులొస్తే వంటింట్లో పని కల్పించుకుంటాను. ఎస్.ఎస్.ఎల్.సి. తర్వాత చదువు ఆగిపోయింది. నాయన కోయిలకుంట్ల తాలూకా కచేరీలో గుమాస్తా కాబట్టి సాయంత్రాలు గ్రంథాలయం మీదుగా వచ్చి నాకు పుస్తకాలు తెచ్చేవారు. ఆయన ఏది తెస్తే అది చదివేదాన్ని. ఏ రోజు సంగతి ఆ రోజు డైరీలో రాసుకునేదాన్ని. అందులో రహస్యాలేమీ ఉండవు. ఎండ, కూర, చదివిన పుస్తకంలో నచ్చిన చోటు, జేజి అన్న మాట, అంతే. కానీ ఆ రెండు పనులూ లేని రోజు నాకు రోజు గడిచినట్టు ఉండదు. మా ఇంట్లో నా గొంతు పెద్దగా వినిపించేది జేజికి చదివి వినిపించే ఆ కాసేపే.

వత్తుల తర్వాత అక్షరాలు మారాయి. వరస మొదట్లో మామూలుగా ఉన్న అక్షరం వరస చివరికి వచ్చేసరికి చిన్నదైపోయేది. పెద్దగా రాయాలని గట్టిగా అనుకుంటే రెండు మాటలు పెద్దగా వచ్చేవి, మూడోది మళ్లీ ముడుచుకునేది. ఆ తర్వాత కుడికాలు. గడప దాటేటప్పుడు అది ఒక క్షణం ఆగి, నేను చెప్పింది వినాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఉండేది. నీళ్ల చెంబు తెస్తే దారంతా నీళ్లు. ఊళ్లో వైద్యుడు వాతమన్నాడు. ఆయనిచ్చిన తైలం వాసన ఇప్పటికీ నా తలదిండులో ఉంది. నొప్పి లేదు కాబట్టి తగ్గిందో లేదో నాకు తెలియలేదు. చెంబులో నీళ్లు మాత్రం ఒలుకుతూనే ఉండేవి.

అప్పటికి కర్నూలు రాజధాని అయింది. సర్కారు కచేరీలు గుడారాల్లో నడుస్తున్నాయని, మద్రాసు నుంచి పెద్ద పెద్ద వాళ్లంతా వచ్చారని నాయన చెప్పేవారు. వచ్చినవాళ్లలో ఒక డాక్టరు నరాల జబ్బులు చూస్తాడని కచేరీలో ఎవరో చెబితే నన్ను బస్సులో తీసుకెళ్లారు. ఆయన నన్ను వరండాలో నడిపించాడు, వెనక్కి తిరగమన్నాడు, వేళ్లు ఒకదానికొకటి తాటించమన్నాడు, చివరకు నా పేరు రాయమన్నాడు. రాసిన కాగితాన్ని చాలాసేపు చూశాడు. నాయనతో ఇంగ్లీషులో మాట్లాడాడు. పార్కిన్సన్ అన్న మాట అప్పుడే మొదటిసారి విన్నాను. ఎవరో తెల్లదొర పేరు చెబుతున్నాడనుకున్నాను. ఇది ముసలివాళ్లకు వచ్చేదనీ, ఎప్పుడో ఒకరికి ఇలా ముందుగా వస్తుందనీ నాతో తెలుగులో అన్నాడు. "మందు జబ్బును పోగొట్టదమ్మా. చేయి నీ మాట వినేట్టు చేస్తుంది" అన్నాడు. ఆయన మెత్తగా మాట్లాడే మనిషి. ఆ మాట నాకు సరిపోయింది. నాకు కావలసింది అదే.

మందు వల్ల ఏమేమి రావచ్చో నాయనకు విడిగా చెప్పాడు. నాయన తలూపుతూ విన్నారు. ఇంటికొచ్చాక మా అమ్మ అడిగితే ఒక్క మాటలో తేల్చేశారు. "శానా వేడి చేస్తుందంట."

వేడి అంటే మా ఇంట్లో అందరికీ తెలుసు. వేడికి ఏం చేయాలో ఇంకా బాగా తెలుసు. అందుకే ఆ తర్వాత డాక్టరును అడగాలని ఎవరికీ తోచలేదు.

మొదట చుక్కల మందు. కొలతకు కాగితం అంటించిన సీసా, నీళ్లలో కలుపుకొని తాగాలి, చేదు. తర్వాత మద్రాసు నుంచి తెప్పించిన చిన్న తెల్ల మాత్రలు. అవి మొదలుపెట్టిన వారానికి అనుకుంటాను, ఒక ఉదయం అమ్మ నిండుగా మజ్జిగ పోసిన చెంబు నా చేతికిచ్చి, జేజికి ఇచ్చి రమ్మంది. వంటింటి నుంచి ముందరి పడసాల దాకా నడిచాను. గడప దాటాను. జేజి ముందు చెంబు పెట్టి వెనక్కి తిరిగితే అమ్మ వంటింటి వాకిట్లో నిలబడి నేల వైపు చూస్తోంది. నాపరాళ్ల మీద ఒక్క చుక్క లేదు. పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. పొయ్యి వెలగడం లేదు, అయినా కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ రోజు నేను డైరీలో మజ్జిగ అన్న మాట పెద్ద అక్షరాలతో రాశాను. చివరి అక్షరం దాకా అది పెద్దగానే ఉంది.

నోరెండడం అప్పటికే మొదలైంది. నాలుక గోనెపట్టలా ఉండేది. చదువుతుంటే మాట అంగిట్లో అతుక్కునేది, మధ్యమధ్య నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. వాకిట్లోకి వెళితే ఎండ కళ్లలో గుచ్చుకునేది. ఇవన్నీ వేడే కాబట్టి అమ్మ మాడుకు ఆముదం పెట్టింది, సబ్జాగింజలు నానబెట్టి తాగించింది, మామిడికాయ ఊరగాయా వంకాయా గోంగూరా మాన్పించింది. గోంగూర లేకుండా జొన్నరొట్టె తినడం మందు కన్నా చేదు. మా వాళ్ల మాట పూర్తిగా తప్పని ఇప్పుడు కూడా అనను. ఆ ఎండాకాలం ఊరంతా చెమటలో తడుస్తుంటే నాకు చెమట పట్టలేదు. ఒళ్లు పెనంలా కాలేది. దానికి వేడి అనక ఇంకేమంటారు?

కానీ ఆ మాటలో ఇంకొకటి కూడా దాక్కుంది. పుస్తకంలో మొదట పోయినవి తలకట్లు. తర్వాత సున్నాలు. ప, వ, మ ఒకటే అయ్యాయి. కొన్నాళ్లకు వరసలు వరసలుగా నల్లటి నూలు పరిచినట్టు కనిపించాయి తప్ప అందులో మాటలు లేవు. దూరం మాత్రం బాగానే ఉంది. వీధి అవతలి మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయలు వేటికవి కనిపించేవి. పుస్తకాన్ని చేయి చాపినంత దూరం పెడితే కొంచెం తేటపడేది కానీ అంత దూరంలో అక్షరం మరీ చిన్నది. జబ్బు కళ్లకు పాకిందనుకున్నాను. అడిగితే అవుననేస్తారేమోనని ఎవరినీ అడగలేదు. కండ్లు మసకగా ఉన్నాయని మాత్రం అమ్మతో అన్నాను. ఆ వారం ఆముదం రెండు పూటలా పెట్టింది.

డైరీ రాయడం మానలేదు. చేయి చక్కగా కదులుతోంది, దానికి దారి తెలుసు. ఏం రాస్తున్నానో నాకే కనపడేది కాదు. చదవగలిగిన రోజుల్లో రాయలేకపోయాను. రాయగలిగే రోజులొచ్చేసరికి చదవలేకపోయాను.

అప్పుడు మేం చదువుతున్న పుస్తకం ఒక పెద్ద కథ. అత్తవారింట మాట పడలేక బయటికొచ్చిన ఒక పిల్ల, సాయంత్రం వేళ వానలో ఒకరి ఇంటి మెట్ల మీద నిలబడి తలుపు తట్టాలా వద్దా అని ఆలోచిస్తుంది. సరిగ్గా అక్కడ నా కళ్లు ఆగిపోయాయి. జేజికి అక్షరాలు రావు. రోజూ మధ్యాహ్నం బొంత ఒళ్లోకి లాక్కుని అడిగేది, "ఆ పిల్ల ఇంగా వాన్లోనే ఉండాదా?" అని. ఉంది జేజీ అనేదాన్ని. అంత వాన మన చేను మీద పడినా బాగుండేదని ఒక రోజు, ఆ ఇంటోళ్లు చెవిటోళ్లా అని ఒక రోజు. ఒకసారి నేనే కథ కల్పించి తలుపు తీయించాను. తీసిన ఆవిడ అచ్చం మా అమ్మలా మాట్లాడింది. జేజి సూది ఆపి నా వైపు చూసి, "ఇది పుస్తకంలో మాట గాదు, నీ మాట" అంది. మళ్లీ ఆ పిల్లను మెట్ల మీదికే పంపించాల్సి వచ్చింది.

నాయన పుస్తకం గడువు పొడిగించుకుంటూ వచ్చారు. ఇక తిరిగిచ్చేద్దామా అని ఆయన అడిగిన రోజు నాకు ఏదో తెగినట్టయింది. పుస్తకం ఆయన చేతికివ్వలేదు. వంటింట్లోకి వెళ్లి, రొట్టె తడుతున్న అమ్మ వెనక నిలబడి, నాకీ మందు వద్దమ్మా అన్నాను. మా ఇంట్లో నేను వద్దు అన్న మాట అనడం అదే మొదలు కావచ్చు. అమ్మ చేయి పిండి మీదే ఆగింది.

"చేయి నిమ్మళంగా ఉండాది గదా" అంది.

"అక్షరాలు కానరావడం ల్యా."

"సదువు ల్యాకపోతే ఏమైతాదే? నేను బతకలేదా? చేయి ల్యాకుంటే ఎట్ల బతుకుతావు?"

"సదవకుండా ఎట్ల బతకాలమ్మా?"

అమ్మ మళ్లీ రొట్టె తట్టడం మొదలుపెట్టింది. మర్నాడు నాకు మాత్ర ఇవ్వలేదు.

డాక్టరు చెప్పకుండా అలా ఆపకూడదని తర్వాత తెలిసింది. మొదటి రోజు నోట్లో తడి వచ్చింది. ఆ ఆనందంలో ఒళ్లు బిగుస్తున్న సంగతి పట్టించుకోలేదు. మర్నాటికి వత్తులు మొదలయ్యాయి. ఆ మధ్యాహ్నం క్యాలెండరు దగ్గరగా వెళ్లి చూస్తే తిథుల కింది చిన్న అక్షరాలు ఒకదాన్నుంచి ఒకటి విడివడుతున్నాయి. వాన్లో పిల్లను ఈరోజు లోపలికి తీసుకుపోదాం అనుకుంటూ పుస్తకం కోసం లోపలి గదిలోకి వెళ్లబోయాను. కుడికాలు గడప దగ్గర ఆలోచనలో పడింది. మిగతా నేను ఆగలేదు. నాపరాళ్ల మీద బోర్లా పడ్డాను. గడ్డం చీలింది. అమ్మ పసుపు అద్ది, గుడ్డ కట్టి, లోపలికి వెళ్లి మాత్రా నీళ్లూ తెచ్చింది. మింగాను. వద్దన్న నోరే మింగాల్సి వచ్చింది. గడ్డం కన్నా నన్ను నొప్పించింది అదే.

నాలుగైదు రోజులకు చేయి కుదురుకుంది, అక్షరాలు మళ్లీ నూలైపోయాయి. మధ్యాహ్నం జేజి దగ్గర ఊరికే కూర్చునేదాన్ని. ఆమె కూడా పిల్ల గురించి అడగడం మానేసింది. అది మరీ కష్టంగా ఉండేది.

జేజికి సూదిలో దారం ఎక్కించే పని చిన్నప్పటి నుంచీ నాది. ఆమె కళ్లద్దాలు ఒకప్పుడు తిరునాలలో తట్టలో పెట్టి అమ్మేవాడి దగ్గర కొన్నవి. ఒక్కొక్కటీ పెట్టుకుని తన అరచేతి గీతలు చూసుకుంటూ, తేటగా కనిపించినవి ఏరుకుందట. వాటిని ఆమె చాళీసు అనేది. చాళీసు పెట్టుకుంటే కుట్టు కనిపించేది కానీ సూది బెజ్జం దాకా ఆమె చూపు పోదు, ఆమె చేతులూ నిలవవు. వణుకు మొదలయ్యాక కూడా దారం నేనే ఎక్కించేదాన్ని. బెజ్జం కనిపించేది, చేయి తప్పిపోయేది, ఎప్పటికో దూరేది. ఆ రోజు ఆమె అలవాటుగా సూదీ దారమూ నాకందించింది. చేయి రాయిలా కదలకుండా నిలిచింది. దారం కొస తడి చేద్దామంటే నోట్లో తడి లేదు, నీళ్లలో ముంచాను. సూది ఒక మెరుపు గీత. దానికి బెజ్జం ఉందని నమ్మకం తప్ప నాకేమీ కనిపించలేదు. పొడిచాను. మళ్లీ పొడిచాను.

"యాడ పొడుస్తాండావే, గాలికి కుడతాండావా?"

"బెజ్జం కానరావడం ల్యా జేజీ."

ఆమె విసుగ్గా తన చాళీసు ఊడదీసింది. దాని ఒక కాడ విరిగిపోతే దారంతో చెవికి కట్టుకునేది. ఆ దారం నా చెవికి చుట్టి, అద్దాలు నా ముక్కు మీద నొక్కింది. "పెట్టుకో. ముసిలిదాని కండ్లతో సూడు." అది ఎగతాళి. ఆమె దగ్గర వేరే ఆలోచన ఏమీ లేదు. నా మొహం చూసి పడీపడీ నవ్వింది.

నేను నవ్వలేదు. సూదికి బెజ్జం ఉంది. నిలువుగా, నువ్వుగింజంత, చుట్టూ అంచుతో సహా. దారం మొదటిసారే దూరింది.

సూది ఆమె చేతిలో పెట్టానో చాప మీద పారేశానో గుర్తులేదు. గడప దగ్గర ఆగి, కాలు ఎత్తి పెట్టి, దాటి, పుస్తకం తెచ్చాను. గవాచి వెలుతురులో తెరిచాను. తలకట్లు ఉన్నాయి. సున్నాలు ఉన్నాయి. ప పక్కన వ ఉంది, రెండూ వేరువేరు. ఎంతసేపు అలా చూస్తూ ఉన్నానో, జేజి నవ్వడం ఆపేసింది.

"కానొస్తాందా?" అని మెల్లగా అడిగింది.

"కానొస్తాంది."

"మరి ఆ పిల్ల?"

నేను అద్దాలు తీసివ్వబోయాను. బొంత మధ్యలో ఉంది కదా అని. ఆమె నా చేయి పట్టుకుని ఆపి, "బొంత యాడికీ పోదు. సదువు" అంది.

నీళ్ల చెంబు పక్కన పెట్టుకుని చదివాను. ఆ పిల్ల తలుపు తట్టలేదు. లోపలినుంచి ఎవరో దీపం పట్టుకుని ఏదో పనికి బయటికి వస్తూ ఆమెను చూశారు. వాళ్లెవరు, ఏమన్నారు అన్నది నాకిప్పుడు ముఖ్యం కాదు. ఆమె మెట్లెక్కి లోపలికి వెళ్లింది. జేజి గట్టిగా ఊపిరి వదిలి, ఎంతసేపు తడిస్తివి తల్లీ అని పుస్తకంలో పిల్లతోనే అంది. నా గొంతు విని అమ్మ వంటింట్లోంచి వచ్చింది. చాళీసు పెట్టుకున్న నా మొహం చూసి గడప దగ్గరే నిలబడిపోయింది. వెళ్లిపోతుందనుకున్నాను. గోడకానుకుని కూర్చుంది. అధ్యాయం అయిపోయేదాకా కూర్చుంది.

ఆ నెలలోనే కర్నూలు వెళ్లాం. డాక్టరుకు సంగతి చెబితే ఆయన నవ్వాడు. కంటికి జబ్బు లేదట. దగ్గరి చూపుకు కన్ను లోపల బిగించుకోవాలట. నా చేతిని వదులు చేసే మందే ఆ బిగింపును కూడా వదులు చేస్తుందట. "మీ నాన్నగారికి చెప్పానే" అన్నాడు. నాయన గోడ మీద వేలాడుతున్న నరాల పటం వైపు శ్రద్ధగా చూశారు. మందు వేడి అని చెప్పారు డాక్టరుగారూ, అన్నాను నేను. నేను కొత్తవాళ్లతో అంత పొడుగు మాట మాట్లాడడం నాయన ఎప్పుడూ వినలేదు. డాక్టరు, అదీ ఒక రకంగా నిజమే, ఎండలో తిరగకు అన్నాడు. మాత్రను ఒకేసారి కాకుండా విడగొట్టి వేసుకోమన్నాడు. రానురాను ఇంకా కావాల్సి రావచ్చు అని కూడా అన్నాడు. ఆ మాట నాయనకు విడిగా చెప్పకుండా నాకే చెప్పాడు.

అక్కణ్ణుంచి పాతబస్తీలో అద్దాల దుకాణానికి వెళ్లాం. దుకాణంలో తెల్లగడ్డం సాయిబు ఒకాయన ఉన్నాడు. చాళీసు కావాలన్నాను.

"ఎవరికమ్మా?"

సిగ్గేసింది. "మా జేజికి" అన్నాను.

ఆయన ఒక జత తీసి బల్ల మీద పెట్టాడు. నేను పెట్టుకుని ఆయనిచ్చిన అట్ట మీది అక్షరాలు కింది వరస దాకా చదివాను.

"జేజికైతే నువ్వు సదువుతాండావేమమ్మా?" అని అడిగాడు. నేను తల దించుకున్నాను. ఆయన అడగడం మానేసి అద్దాలు గుడ్డతో తుడుస్తూ, చాలీస్ అంటే మా మాటలో నలభై అమ్మా, నలభై నిండినోళ్లకు కావాల్సొస్తాయి కాబట్టి ఆ పేరు అన్నాడు. నాకెన్నేళ్లో అడిగాడు. ఇరవై మూడు అన్నాను. ఆయన నా కుడిచేతి వైపు ఒకసారి చూశాడు. వత్తులు మొదలయ్యే వేళ అయింది. "అల్లా ముందే ఇచ్చినాడు. మంచిదే, సదువుకో" అని అద్దాలు డబ్బాలో పెట్టాడు.

నలభై అన్న మాట దారంతా నాతో వచ్చింది. బస్సు నంద్యాల దాటాక నల్లరేగడి చేలు దూరం దాకా తేటగా కనిపిస్తున్నాయి. దూరం చూడడానికి నాకు ఏ సాయమూ అక్కర్లేదు. దగ్గరిదే కష్టం. నిజంగా నలభై వచ్చేసరికి ఈ చేయి, ఈ కాలు ఎలా ఉంటాయో డాక్టరు చెప్పలేదు. నేనూ అడగలేదు. కానీ మొదటిసారి అడగాలనిపించింది. వచ్చేసారి అడుగుతాను.

ఇంటికొచ్చాక కొత్త అద్దాలు జేజి ఒకసారి పెట్టుకుని చూస్తానంది. పెట్టుకుని అరచేతి గీతలు చూసుకుంది. ఇక తీయలేదు. కొత్తవాటికి రెండు కాడలూ ఉన్నాయి కదా. కాబట్టి ఇది రాస్తున్నప్పుడు నా ముక్కు మీద ఉన్నవి తిరునాల అద్దాలే, నా చెవికి చుట్టి ఉన్నది బొంత కుట్టే దారమే. మసకలో రాసుకున్న నెలల డైరీ తీసి చదివాను. వరసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి కానీ అక్షరాలు గుండ్రంగా, మంచి పరిమాణంలో ఉన్నాయి. వాటిని రాసింది నేనేనని గుర్తుపట్టాను. ఉదయం మాత్ర పట్టు ఉన్నంతసేపు రాస్తాను, దాని పట్టు జారేవేళకు పెన్ను పక్కన పెట్టి చదువుతాను. సాయంత్రం కావస్తోంది, ఈ వరస కూడా చివర్లో చిన్నదవుతోంది.

జేజి పిలుస్తోంది. బెజ్జం దాకా చూపు పోయేంత మంచి అద్దాలు పెట్టుకుని కూడా దారం నన్నే ఎక్కించమంటోంది.